ఏడాది బడి చదువుతో జార్జ్ గ్రీన్ అంత గణితం ఎలా చేశారు? గురువు లేకుండా మనకీ సాధ్యమా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీరు ఉద్యోగం చేసుకుంటూ రాత్రిళ్లు ఎలక్ట్రోడైనమిక్స్ (విద్యుత్తు, అయస్కాంతత్వాల శాస్త్రం) సొంతంగా చదువుతున్నారు, పుస్తకంలో ఎటు తిరిగినా గ్రీన్ ఫంక్షన్ ఎదురవుతోంది, ఆ పేరు వెనకున్న ఇంగ్లండ్ గణితజ్ఞుడు జార్జ్ గ్రీన్ అసలు చదువుకోని పిండి మర యజమాని అని ఎవరో చెప్పారు. అది నిజమేనా, నిజమైతే అంత గణితం ఆయనకి ఎలా అబ్బింది, గురువు లేకుండా మీకూ అబ్బుతుందా అని అడిగారు.

సూటిగా చెబుతాను. మర సంగతి నిజం. బడికి వెళ్లింది ఏడాదికి అటూ ఇటూ అన్నదీ నిజం. "చదువుకోలేదు" అన్నది మాత్రం తప్పు. అప్పటి ఇంగ్లండ్‌లో పేరున్న చాలామంది పట్టించుకోని ఫ్రెంచ్ గణితాన్ని ఆయన కూర్చుని చదివారు. ఆయనకి లేనిది చదువు కాదు, ఆయన రాసింది చదివి అర్థం చేసుకునే మనిషి. ఆ ఒక్క లోటు వల్ల ఆయన రాసిన అతి ముఖ్యమైన పుస్తకం 17 ఏళ్లు ఎవరికీ పట్టకుండా ఉండిపోయింది. అందుకే మీ రెండో ప్రశ్నకి నా జవాబు: గణితం మీకు తప్పకుండా వస్తుంది, కానీ చదవడం ఒక్కటే ప్లాన్ చేసుకుని, చూపించడం గురించి ఆలోచించకపోతే ఆయనకి పట్టిన గతే పడుతుంది.

నేను 22 ఏళ్లుగా ఎమ్మెస్సీ వాళ్లకి మ్యాథమెటికల్ ఫిజిక్స్ చెబుతున్నాను. మొదటి పదేళ్లు గ్రీన్ ఫంక్షన్ నేర్పుతూ కూడా ఆ మనిషి గురించి ఒక్క ముక్క చెప్పలేదు, ఎందుకంటే నాకే తెలియదు. తెలుసుకున్నాక ఆ పాఠం చెప్పే పద్ధతే మారిపోయింది. కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

గ్రీన్ 1793లో ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో పుట్టారు. తండ్రి రొట్టెల వ్యాపారి. 8 ఏళ్ల వయసులో, 1801లో, రాబర్ట్ గుడేకర్ అనే ఆయన నడిపే బడిలో వేశారు. నాలుగు టర్ములు చదివాక మాన్పించి బేకరీ పనిలో పెట్టారు. ఆ తర్వాత 40 ఏళ్లు వచ్చేదాకా ఆయన ఏ తరగతి గదిలోనూ కూర్చోలేదు. 1807లో తండ్రి ఊరి పక్కనే స్నైంటన్‌లో ఇటుకలతో అయిదంతస్తుల గాలిమర కట్టించారు, కొడుకు బేకరీ నుంచి అక్కడికి మారాడు. గాలిమర పని పొద్దున వెళ్లి సాయంత్రం తలుపేసుకుని వచ్చే పని కాదు. గాలి ఎప్పుడు వీస్తే అప్పుడే పిండి ఆడాలి, అర్ధరాత్రి వీచినా సరే. గాలి జోరెక్కితే రెక్కల్ని అదుపు చేయాలి, లేకపోతే మరకే ప్రమాదం. గాలి పడిపోయినప్పుడు దొరికే ఖాళీ ఎంతసేపుంటుందో ఎవరూ చెప్పలేరు. మర పైఅంతస్తులో కూర్చుని లెక్కలు చేసేవాడని ఆ ఊళ్లో చెప్పుకుంటారు. తన పుస్తకం ముందుమాటలో గ్రీన్ కూడా దాదాపు ఈ మాటే రాసుకున్నారు, తప్పించుకోలేని వేరే పనుల మధ్య దొరికిన విరామాల్లోనే తనకు తెలిసిన కొద్దిపాటీ నేర్చుకోవలసి వచ్చిందని, పాఠకులు ఆ సంగతి దృష్టిలో పెట్టుకోవాలని. ఉద్యోగం చేస్తూ చదువుకునే వాళ్లకి ఆ వాక్యం గుండెకి తగులుతుంది. నాకు తగిలింది.

మరి ఫ్రెంచ్ గణితం ఎక్కడిది? ఇక్కడ అందరూ పట్టించుకోని ఒక మనిషి ఉన్నారు. జాన్ టాప్లిస్ అని, కేంబ్రిడ్జ్‌లో చదివినవారు, 1806 నుంచి 1819 దాకా నాటింగ్‌హామ్ గ్రామర్ స్కూల్ హెడ్‌మాస్టరు. ఫ్రెంచ్ గణితజ్ఞుడు లాప్లాస్ ఖగోళ యాంత్రిక శాస్త్రం మీద రాసిన మహా గ్రంథం మొదటి భాగాన్ని ఇంగ్లీషులోకి అనువదించి 1814లో ఆ ఊళ్లోనే అచ్చు వేయించారు. అప్పటికి ఇంగ్లండ్ గణితజ్ఞులు కాల్‌క్యులస్‌ని అక్షరాల మీద చుక్కలతో రాసే న్యూటన్ పద్ధతిని పట్టుకుని వేలాడుతున్నారు, యూరప్ మాత్రం లైబ్నిజ్ రాతపద్ధతితో ఎంతో ముందుకి వెళ్లిపోయింది. ఇంగ్లండ్ మొత్తంలో కొత్త గణితం మీద మోజున్న వాళ్లు గుప్పెడు మంది ఉంటే, అందులో ఒకరు ఈ మర ఉన్న ఊళ్లోనే ఉన్నారు. గ్రీన్‌కి ఈయనే పాఠం చెప్పాడనడానికి కాగితం మీద సాక్ష్యం లేదు. కానీ గ్రీన్ మొదటి పుటల నుంచీ వాడిన రాతపద్ధతి, ఆయన ఆధారంగా తీసుకున్న లాప్లాస్, ప్వాసాన్‌ల రచనలు చూస్తే, టాప్లిస్ దారి చూపించి ఉంటారనే నా నమ్మకం. 1823లో గ్రీన్ బ్రోమ్లీ హౌస్‌లో ఉన్న చందా లైబ్రరీలో సభ్యుడిగా చేరారు. అక్కడ రాయల్ సొసైటీ సంచికలు దొరికేవి.

కాబట్టి గురువు లేకుండానే అన్నీ వచ్చేశాయి అనే కథని నేను ఒప్పుకోను. గురువు ఉండి ఉండొచ్చు, మంచి పుస్తకాలు కచ్చితంగా ఉన్నాయి, వాటిని చదవాలన్న పట్టుదల ఉంది. లేనిది డిగ్రీ.

ఇప్పుడు అసలు విషయం. 1828లో, 34 ఏళ్ల వయసులో, ఆయన సొంతంగా ఒక పుస్తకం అచ్చు వేయించారు. విద్యుత్తు, అయస్కాంతత్వం సిద్ధాంతాలకి గణిత విశ్లేషణని ఎలా వర్తింపజేయాలి అన్నది దాని విషయం, పేరు కూడా అదే. ముందే చందా కట్టినవాళ్లు 51 మంది. ధర 7 షిల్లింగుల 6 పెన్నీలు. చందాదారుల్లో చాలామంది ఆ లైబ్రరీ సభ్యులే, ఊళ్లో పెద్దమనుషులు, అందులో ఉన్న గణితం అర్థమయ్యేవాళ్లు వాళ్లలో ఒకరో ఇద్దరో ఉండి ఉంటారు. ఏ పత్రికకీ పంపలేదు. తనలాంటి బీద అర్హతలున్న మనిషి పెద్ద సంస్థలకి పంపడం అహంకారంగా కనిపిస్తుందని అనుకున్నారు.

ఆ పుస్తకంలో ఏముందో కొంచెం చెబితే తప్ప మీకు ఆ విషాదం తెలియదు.

విద్యుదావేశాలు ఒక ప్రాంతంలో రకరకాలుగా పరుచుకుని ఉన్నాయనుకోండి, చుట్టూ ఎర్త్ చేసిన లోహపు గోడ ఉంది. లోపల ప్రతి బిందువు దగ్గరా పొటెన్షియల్ (అక్కడ యూనిట్ ఆవేశానికి ఉండే విద్యుత్ స్థితిశక్తి) ఎంత? (ఈ పొటెన్షియల్ అనే పేరు పెట్టింది కూడా గ్రీనే.) ఆవేశాల అమరిక మారినప్పుడల్లా మొత్తం డిఫరెన్షియల్ ఈక్వేషన్‌ని మళ్లీ మొదటి నుంచి సాధించాలి. గ్రీన్ ఏమన్నారంటే, అమరిక సంగతి పక్కన పెట్టు, ముందు ఒకే ఒక్క యూనిట్ ఆవేశాన్ని ఒకే ఒక్క బిందువు దగ్గర పెట్టు, దాని వల్ల మిగతా బిందువుల దగ్గర పొటెన్షియల్ ఎంతో కనుక్కో. అది తెలిస్తే చాలు, ఎంత గజిబిజి అమరికైనా చిన్న చిన్న బిందువుల మొత్తమే కదా, ఒక్కోదాని ఫలితాన్ని దాని బరువుతో గుణించి కలుపుకుంటూ పోవడమే. ఆ ఒక్క బిందువు ఫలితాన్నే మనం గ్రీన్ ఫంక్షన్ అంటున్నాం. గోడ ఆకారం గురించిన కష్టమంతా ఒక్కసారే పడి, ఆవేశాల అమరిక ఎన్నిసార్లు మారినా కూడికతో గట్టెక్కడం, ఇదీ దాని కిటుకు.

నా క్లాసులో ఎక్కువ మంది తడబడేది ఇక్కడ కాదు, దీని తర్వాత. అలాంటి ఫంక్షన్ అసలు ఉంటుందని గ్యారంటీ ఏమిటి అని చురుకైన పిల్లలు అడుగుతారు. గ్రీన్ ఇచ్చిన కారణం చూడండి: ఎర్త్ చేసిన లోహపు గదిలో నిజంగానే ఒక ఆవేశం పెడితే, గోడ మీద ఆవేశాలు తమంతట తాము సర్దుకుని గోడ పొటెన్షియల్‌ని సున్నా చేస్తాయి, ప్రకృతి ఆ పని చేస్తోంది కాబట్టి ఆ ఫంక్షన్ ఉండి తీరాలి. గణితం ప్రొఫెసర్ ఎవరైనా ఇది రుజువు కాదంటారు, వాళ్లన్నది నిజమే. అచ్చం ఇలాంటి నమ్మకం మీద ఆధారపడిన ఒక సూత్రాన్ని 1870లో జర్మన్ గణితజ్ఞుడు వయర్‌స్ట్రాస్ తప్పుబట్టారు, దాన్ని మళ్లీ నిలబెట్టడానికి హిల్బర్ట్ దాకా ఆగాల్సి వచ్చింది. అయినా గ్రీన్ తీర్మానం నిలబడింది. మ్యాథమెటికల్ ఫిజిసిస్ట్ అంటే ఎవరని నన్నడిగితే నేను ఈ ఒక్క పేజీ చూపిస్తాను. భౌతిక ప్రపంచం ఎలా ప్రవర్తిస్తుందో ఒంటికి పట్టి ఉండటం వల్ల సమాధానం ఉందని ముందే తెలుస్తుంది, ఆపైన దాన్ని గణితంలో పట్టుకోవడానికి ఒక పనిముట్టు తయారు చేసుకుంటారు.

ఒక జాగ్రత్త చెప్పాలి, పరీక్షల్లో ఇది తరచూ తప్పుగా రాస్తారు. డిగ్రీ కాల్‌క్యులస్‌లో వచ్చే గ్రీన్ సిద్ధాంతం, అదే సమతలంలో మూసిన వక్రరేఖ వెంబడి చేసే ఇంటిగ్రల్‌ని లోపలి వైశాల్యం మీద ఇంటిగ్రల్‌గా మార్చేది, ఆ రూపంలో ఈ పుస్తకంలో లేదు. అందులో ఉన్నది మూడు కొలతల్లో ఘనపరిమాణాన్నీ ఉపరితలాన్నీ కలిపే సూత్రం, ఇప్పుడు గ్రీన్ ఐడెంటిటీ అంటున్నాం చూడండి, అది. సమతల రూపాన్ని అచ్చులో పెట్టింది ఫ్రెంచ్ గణితజ్ఞుడు కోషీ, 1846లో.

పుస్తకం వచ్చాక ఏం జరిగిందంటే, దాదాపు ఏమీ జరగలేదు. చందాదారుల్లో ఒకరు మాత్రం అది చదివి అదిరిపోయారు. లింకన్ దగ్గర థర్ల్బీలో ఉండే సర్ ఎడ్వర్డ్ బ్రోమ్‌హెడ్, కేంబ్రిడ్జ్‌లో చదివినవారు, గణితజ్ఞులు బాబేజ్, హెర్షెల్‌ల స్నేహితుడు, ఇంగ్లండ్‌కి కొత్త గణితం తేవాలని వాళ్లతో పాటు పనిచేసినవారు. ఇకమీద ఏం రాసినా నాకు పంపండి, సొసైటీలకి నేను చేరవేస్తాను అని గ్రీన్‌కి ఉత్తరం రాశారు. గ్రీన్ సంబరపడ్డారు. కానీ ఎవరో పక్కనున్న పెద్దమనిషి, అవన్నీ మర్యాదకి రాసే మాటలు, అంత పెద్దాయనకి నువ్వు జవాబు రాస్తే బాగోదు అన్నారట. ఆ మాట విని గ్రీన్ దాదాపు రెండేళ్లు జవాబే రాయలేదు! 1830 జనవరిలో, అసలు సంగతి తెలిసి, క్షమించమంటూ రాశారు. ఈ రెండేళ్ల గురించి చదివిన ప్రతిసారీ నాకు బాధ కలుగుతుంది. 47 ఏళ్లే బతికిన మనిషికి రెండేళ్లంటే చిన్న లెక్క కాదు.

అప్పటికి తండ్రి పోయారు, కొంత ఆస్తి వచ్చింది, మర భారం దించుకునే వీలు దొరికింది. బ్రోమ్‌హెడ్ ద్వారా మూడు పరిశోధనా పత్రాలు అచ్చయ్యాయి, రెండు కేంబ్రిడ్జ్‌లో, ఒకటి ఎడింబరాలో. ఆయన ప్రోత్సాహంతోనే 1833 అక్టోబర్‌లో, 40 ఏళ్ల వయసులో, కేంబ్రిడ్జ్‌లోని గాన్విల్ అండ్ కీస్ కాలేజీలో డిగ్రీ విద్యార్థిగా చేరారు. చుట్టూ పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ల కుర్రాళ్లు. గ్రీకు, లాటిన్ కూడా పాసవ్వాలి, అవి ఆయనకి దాదాపు రావు. 1837లో గణితం పరీక్షలో నాలుగో ర్యాంకు వచ్చింది. ఆ ఏడాది రెండో ర్యాంకు సిల్వెస్టర్‌ది, తర్వాత గొప్ప గణితజ్ఞుడయ్యారు. గ్రీన్‌కి మొదటి ర్యాంకు ఎందుకు రాలేదని పిల్లలు అడుగుతుంటారు. ఆ పరీక్షకి ప్రైవేటు ట్యూటర్లు ఏళ్ల తరబడి తర్ఫీదు ఇచ్చేవాళ్లు, గంటకి ఇన్ని లెక్కలు అని వేగం మీద నడిచే పోటీ అది. ఒక సమస్యతో నెలల తరబడి కూర్చునే మనిషికి అది వేరే ఆట.

ఇంటి సంగతి కూడా ఒక మాట. మర మేనేజర్ కూతురు జేన్ స్మిత్, గ్రీన్ కలిసి జీవించారు, ఏడుగురు పిల్లలు. పెళ్లి మాత్రం చేసుకోలేదు. కాలేజీ ఫెలో (కాలేజీ భత్యం ఇచ్చి ఉంచుకునే పండితుడు) కావాలంటే పెళ్లి కాకూడదన్న నియమం అప్పట్లో కేంబ్రిడ్జ్‌లో ఉంది, 1839లో ఆయన ఫెలో అయ్యారు కూడా. ఆ కాలంలో ఆ ఊళ్లో, పేరు చెప్పుకునే అధికారం లేకుండా ఏడుగురు పిల్లల్ని పెంచిన ఆ తల్లి గురించి మనకి తెలిసింది చాలా తక్కువ. గ్రీన్ రూపమే మనకి తెలియదు, ఒక్క చిత్రం కూడా లేదు.

డిగ్రీ తర్వాత దొరికిన రెండు మూడేళ్లలో ఆయన చేసిన పని చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. ధ్వని, కాంతి పరావర్తనం, వక్రీభవనం మీద రాశారు. సాగే గుణమున్న ఘనపదార్థాన్ని శక్తి లెక్కతో మొదలుపెట్టి, ఏ సౌష్ఠవమూ లేని స్ఫటికానికి 21 స్వతంత్ర స్థిరాంకాలు ఉంటాయని తేల్చారు, ఈ రోజుకీ ఇంజినీర్లు వాడేది ఆ లెక్కే. 1837లో రాసిన ఒక పత్రం నాకు మరీ ఇష్టం, లోతూ వెడల్పూ నెమ్మదిగా మారే కాలువలో అలలు ఎలా నడుస్తాయన్నది దాని విషయం. లోతు తగ్గేకొద్దీ అల ఎత్తు, లోతు నాలుగో మూలానికి (వర్గమూలానికి మళ్లీ వర్గమూలం) విలోమంగా పెరుగుతుందని తేలింది. సునామీల అంచనాలో గ్రీన్ నియమం అంటూ ఇప్పటికీ వాడేది ఇదే. 4,000 మీటర్ల లోతున అర మీటరు ఎత్తున్న అల 10 మీటర్ల లోతుకి వచ్చేసరికి, లోతు 400వ వంతుకి తగ్గింది కాబట్టి 400కి నాలుగో మూలం దాదాపు నాలుగున్నర, అంటే అల రెండు మీటర్లు దాటుతుంది. (తీరం వెడల్పు, అల విరిగే తీరు లెక్కలోకి తీసుకోని తొలి అంచనా ఇది.) క్వాంటమ్ మెకానిక్స్‌లో మీరు డబ్ల్యూకేబీ పద్ధతి (పరిసరాలు నెమ్మదిగా మారేచోట అలలకి వేసే ఉజ్జాయింపు లెక్క) అని చదువుతారు కదా, దాని గుండెకాయ కూడా ఈ పత్రంలోనే ఉంది, దాదాపు 90 ఏళ్ల ముందే.

1840లో ఒంట్లో బాగోలేక నాటింగ్‌హామ్‌కి తిరిగొచ్చారు. 1841 మే 31న చనిపోయారు. స్నైంటన్‌లో, మరకి కనుచూపు దూరంలో సమాధి చేశారు. ఊళ్లోవాళ్లకి తమ మధ్య ఉన్నది ఎవరో తెలియదు, 1828 పుస్తకం సంగతి కేంబ్రిడ్జ్‌లోనూ పట్టించుకున్నవాళ్లు దాదాపు లేరు.

ఇంకో నాలుగేళ్ల తర్వాత, 1845 జనవరి. విలియం థామ్సన్ అనే 20 ఏళ్ల కుర్రాడు, తర్వాత లార్డ్ కెల్విన్ అయినాయన, కేంబ్రిడ్జ్‌లో పరీక్షలు ముగించుకుని పారిస్ బయల్దేరుతున్నాడు. రాబర్ట్ మర్ఫీ రాసిన ఒక పత్రంలో గ్రీన్ పుస్తకం పేరు చూసి ఎక్కడ దొరుకుతుందా అని ఎప్పటినుంచో వెతుకుతున్నాడు. ప్రయాణం ముందురోజు తన ట్యూటర్ హాప్కిన్స్‌తో ఆ మాట అంటే, నా దగ్గర ఉన్నాయి అని కాపీలు తీసిచ్చారు. దారిలోనే చదివాడు, పారిస్‌లో గణితజ్ఞులు ల్యూవిల్, స్టుర్మ్‌లకి చూపించాడు. స్టుర్మ్ తను కష్టపడి సాధించిన ఫలితం అందులో అప్పటికే ఉండటం కళ్లారా చూశారు. ఆ తర్వాత థామ్సన్ పూనుకుని, బెర్లిన్ నుంచి క్రెల్లె నడిపే పత్రికలో 1850, 1852, 1854లలో మూడు భాగాలుగా వేయించాడు. ప్రపంచానికి గ్రీన్ తెలిసింది అప్పుడు. ఈలోగా జర్మన్ గణితజ్ఞుడు గౌస్ పొటెన్షియల్ మీద ఇలాంటి ఫలితాల్లో కొన్నింటిని తనంతట తాను కనుక్కుని అచ్చు వేసేశారు కూడా.

తర్వాత కథ మీరు చదువుతున్న పుస్తకంలోనే ఉంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో రాడార్ మీద పనిచేస్తూ గ్రీన్ ఫంక్షన్లతో చేయి తిరిగిన అమెరికన్ భౌతిక శాస్త్రవేత్త జూలియన్ ష్వింగర్, యుద్ధం అయ్యాక అదే పనిముట్టుతో క్వాంటమ్ ఎలక్ట్రోడైనమిక్స్ (కాంతి, ఎలక్ట్రాన్ల క్వాంటమ్ సిద్ధాంతం) కట్టారు, 1965లో ఫైన్‌మన్, టోమొనాగాలతో పాటు నోబెల్ అందుకున్నారు. కణం ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేరడాన్ని లెక్కించే ఫైన్‌మన్ ప్రోపగేటర్ అన్నది కూడా గ్రీన్ ఫంక్షనే. 1993లో గ్రీన్ పుట్టి 200 ఏళ్లయిన సందర్భంగా లండన్‌లోని వెస్ట్‌మిన్‌స్టర్ ఆబీలో న్యూటన్ సమాధికి దగ్గర్లో ఆయన పేరిట ఫలకం పెట్టారు, ష్వింగర్ నాటింగ్‌హామ్‌కి వచ్చి తన మీద గ్రీన్ ప్రభావం గురించి ఉపన్యాసం ఇచ్చారు. పాడుబడిన మరని 1980లలో బాగు చేసి మళ్లీ తిరిగేలా చేశారు.

ఇక మీ సంగతి. నేను చూసిన రెండు కేసులు చెబుతాను, పేర్లు వద్దు.

ఒకాయన బ్యాంకు ఉద్యోగి. ఆరేళ్ల పాటు సొంతంగా చదివి, ఉష్ణ ప్రసారం మీద నలభై పేజీలు రాసి నాకు పోస్టులో పంపారు. ఇలాంటివి నెలకి ఒకటైనా వస్తుంటాయి, ఎక్కువగా ఐన్‌స్టీన్ తప్పు అని నిరూపించేవి, నేను దాన్నీ ఆ దొంతరలో పెట్టేశాను. ఎనిమిది నెలల తర్వాత తీసి చూస్తే, ముప్పై పేజీలు ఎప్పుడో తెలిసిన విషయాలే, కానీ చివరి పది పేజీల్లో హద్దు కదులుతూ ఉండే సమస్యకి ఆయన వాడిన ఉపాయం చాలా చక్కగా ఉంది. ఫోన్ చేస్తే, జవాబు రాకపోయేసరికి పనికిరానిదేమో అనుకుని అప్పటికే మానేశానన్నారు. ఆ ఎనిమిది నెలల తప్పు పూర్తిగా నాదే. అప్పటి నుంచి వచ్చిన ప్రతి ఉత్తరానికీ వారంలోగా నాలుగు లైన్లైనా జవాబు రాస్తున్నాను.

రెండో ఆవిడ హైస్కూల్లో లెక్కల టీచరు. ఆవిడ చేసింది వేరు. నలభై పేజీలు పోగయ్యేదాకా ఆగలేదు. ఒక్కో అధ్యాయం చదివాక తనకి అడ్డుపడిన ఒకే ఒక్క ప్రశ్నని ఒక పేజీలో రాసి పంపేవారు, తను ఎంతదాకా వచ్చారో, ఎక్కడ ఆగిపోయారో స్పష్టంగా. పేజీ కాబట్టి నేను వెంటనే చదవగలిగేవాణ్ణి. మూడేళ్లలో ఆవిడ పీహెచ్‌డీ విద్యార్థులతో సమానంగా మాట్లాడే స్థాయికి వచ్చారు.

ఇద్దరిలో తెలివికి తేడా లేదు. కాబట్టి:

ఒకటి, ఇప్పుడు నడుస్తున్న గణితాన్ని చదవండి. గ్రీన్ చేతికందిన పాత ఇంగ్లీషు పుస్తకాలతో సరిపెట్టుకుని ఉంటే ఇంత పని జరిగేది కాదు. ప్వాసాన్ రాసినవి అప్పటికి తాజా పత్రాలు.

రెండు, చిన్నగా రాసి త్వరగా చూపించండి. పూర్తయ్యాక చూపిద్దాం అనుకోవద్దు. పెద్దవాళ్లకి రాస్తే ఏమనుకుంటారో అని ఎవరైనా సలహా ఇస్తే వినకండి, ఎవరైనా జవాబు రాస్తే ఆ రోజే తిరిగి రాయండి.

ఉద్యోగం మానేయాలా అని మీరు చివర్లో అడిగారు. వద్దు. గ్రీన్ కూడా ఇల్లు గడిచే దారి దొరికాకే మర వదిలారు. నెలాఖరు టెన్షన్ పెట్టుకుని డిఫరెన్షియల్ ఈక్వేషన్లు చేయడం ఎవరికీ సాగదు. పరిశోధనే వృత్తిగా కావాలంటే మాత్రం ఏదో ఒక దశలో పీహెచ్‌డీ కావాలి, ఆ విషయంలో నేను మీకు లేని ఆశ పెట్టను. గ్రీన్ కూడా చివరికి 40 ఏళ్ల వయసులో వెళ్లి డిగ్రీలో చేరారని మర్చిపోకండి.

గ్రీన్ ఫంక్షన్ అర్థం కావడం లేదన్నారు కదా, విద్యుత్తుతో కాకుండా తీగతో మొదలుపెట్టండి. రెండు చివర్లా బిగించిన తీగ, పొడవు 1, బిగువు 1. పావు దూరంలో ఒక యూనిట్ బరువు వేలాడదీస్తే తీగ రెండు సరళరేఖలుగా వంగుతుంది. మధ్యలో ఎంత దిగిందో కొలవండి, 1/8 వస్తుంది. ఇప్పుడు బరువుని మధ్యకి మార్చి పావు దూరంలో ఎంత దిగిందో చూడండి, మళ్లీ 1/8. బరువు ఉన్నచోటు, చూసేచోటు ఒకదానికొకటి మార్చినా ఫలితం మారలేదు, గ్రీన్ తన పుస్తకంలో విద్యుత్తుకి చూపించిన సౌష్ఠవం ఇదే. ఆ తర్వాత తీగ పొడవునా సమానంగా బరువు పరిచి, ఈ ఫంక్షన్‌తో ఇంటిగ్రేట్ చేసి తీగ ఆకారం కనుక్కోండి, మధ్యలో ఎంత దిగుతుందో తేల్చండి. పేజీకి మించకుండా రాసి ఇక్కడే కింద పెట్టండి. ఈ ఆదివారం లోపు చదివి జవాబు రాస్తాను.